ఊడలు దిగిన చేను

మా మామ శంకరయ్యకు చావంటే భయం ఉండేది కాదు. ఆయన భయమంతా పల్లి చేను తొక్కుడు పడుతుందేమోననే. ఆ భయంతోనే పోయిన చలికాలం ఆయన పోవలసిన వేళకు పోకుండా, ఉండలేక ఉండి, ఇంటిల్లిపాదినీ ఏడిపించాడు. ఇది చెబితే కొందరు నవ్వుతారు. నవ్వండి. నేనూ మొదట నవ్విన దాన్నే.

మాది వనపర్తి దగ్గర ఎర్రగట్టు. పేరుకు తగ్గట్టే అన్నీ ఎర్రనేల చెలకలు, మధ్యమధ్య రాతి గుండ్లు. మా రెండెకరాల చెలకలో ఒక బోరు, గట్టు మీద రేకుల షెడ్డు, చేను నడిమధ్యన ఒక కానుగ చెట్టు ఉన్నాయి. ట్రాక్టరుకు అడ్డమని మా ఆయన కురుమూర్తి ఆ చెట్టు కొట్టేద్దామని చాలాసార్లు అన్నాడు. మా అత్త సుగుణమ్మ ఒప్పుకోలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె మధ్యాహ్నం సద్ది మూట విప్పింది ఆ నీడలోనే. నాలుగేళ్ళ కింద ఎండాకాలంలో ఆమె పోయినప్పుడు చేను దున్ని ఖాళీగా ఉంది. ఆ కానుగ కిందే పూడ్చాం. మా ఇళ్ళల్లో సొంత చేను ఉన్నవాళ్ళను సొంత చేన్లోనే పెడతారు. ఊరి చివర సర్కారు వాళ్ళు వైకుంఠధామం పేరుతో శ్మశానం కట్టారు, గేటు పెట్టారు, నల్లా పెట్టారు, పూల మొక్కలు కూడా నాటారు. అయినా మా మామ, అత్త సమాధి పక్కన తన కొలతకు జాగా చూసుకుని అక్కడ విత్తనం పడనివ్వలేదు. "అది నా పక్క" అనేవాడు, మంచం గురించి చెప్పినంత మామూలుగా.

పల్లీలు అందరూ తింటారు గానీ పల్లి చెట్టు చేసే పని అందరూ చూడరు. తెల్లవారుతుండగా పసుపుపచ్చ పువ్వు విప్పుతుంది. ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. దాని ఆయుష్షు అంతే. కొత్తవాళ్ళు చూస్తే అయ్యో పాపం అనుకుంటారు. కానీ అది వాడిన చోటు నుంచే కొన్నాళ్ళకు సూదిలాంటి ఒక కాడ బయలుదేరుతుంది. ఆకులన్నీ వెలుగు కోసం పైకి చూస్తుంటే ఇదొక్కటి కిందికి చూస్తుంది. దాన్నే ఊడ అంటాం. ఊడ నేలను వెతుక్కుంటూ దిగి, మట్టిలోకి దూరి, ఆ చీకట్లో పక్కకు తిరిగి పడుకుని కాయ కడుతుంది. మట్టి అందకపోతే గాలిలోనే ఎండి నల్లబడుతుంది.

నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మామ నన్ను గట్టు మీద కూర్చోబెట్టి ఇదంతా వేలు పెట్టి చూపించాడు. మా పుట్టింట్లో వరి. వరి అంతా పైనే కనిపిస్తుంది, దాచిపెట్టేది ఏమీ ఉండదు. ఈ చెట్టును చూసి నాకు ఒళ్ళు ఝల్లుమంది. వాడిపోయిన పువ్వుకు దారి ఎవరు చెప్పారు మామా అని అడిగాను. "ఎవలు సెప్తరు? వాడినంక ఇగ దానికి వేరే పనేముంది" అన్నాడు. ఇప్పటికీ ప్రతి ఏడూ ఊడలు దిగే రోజుల్లో నేను గట్టు మీద కాసేపు ఊరికే కూర్చుంటాను. పని మానుకుని కూర్చున్నావని మా ఆయన దెప్పుతాడు. దెప్పనీ.

ఊడలు దిగాయంటే మామ చేనుకు తాళం వేసినట్టే. కలుపు బంద్, గుంటుక తోలడం బంద్. కాలు పడితే ఊడ తెగుతుంది, తెగిన ఊడ మళ్ళీ అతకదు. స్ప్రింక్లర్ పైపులు మార్చడానికి కురుమూర్తి ఒక్కడు చెప్పుల్లేకుండా సాళ్ళ మధ్య నడవాలి, అదీ మామ గట్టు మీద నుంచి తిడుతుంటే. అడవి పందులు రాకుండా చేను చుట్టూ అత్త పాత చీరలు కట్టాడు. "సుగుణమ్మ సచ్చినా కావలి మానలే" అని మురిసిపోయేవాడు. ఒకసారి ఎలక్షన్లప్పుడు ఓట్లు అడగడానికి వచ్చిన పెద్దమనిషి చేనుకు అడ్డంగా రాబోతే, "ఓటు ఏస్త గాని ఆడనే నిలబడి అడుగు" అని అరిచాడు. ఆ మనిషి దండలతో సహా గట్టు మీదే నిలబడి దండం పెట్టి పోయాడు.

ఇంతటి మనిషికి పోయిన దసరా తర్వాత దగ్గు పట్టుకుంది. మొదట చలి అనుకున్నాం. ఆయాసం వచ్చాక నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయాం. ఫోటో తీసి చూసిన డాక్టరు మా ఇద్దరినీ పక్కకు పిలిచి, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంది, ముదిరిపోయింది, ఈ వయసులో కోత పెడితే తట్టుకోలేడు, ఇంటి దగ్గరే మంచిగా చూసుకోండి అన్నాడు. పక్కకు పిలిచినా మామకు అన్నీ వినపడ్డాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెనక్కి పోతున్న చేలను చూశాడు. మా ఊరి మలుపు దగ్గరికొచ్చాక కొడుకును అడిగాడు.

"పూత మొదలాయెనా?"

"మొదలాయె నాయనా" అన్నాడు కురుమూర్తి.

"అయితే చేను తవ్వేదాక నేను ఉండాలె" అన్నాడు మామ, దవాఖాన వాళ్ళతో కాక తనతో తాను ఒప్పందం చేసుకున్నట్టు.

అప్పుడు మాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయన పక్క అత్త సమాధి దగ్గర, చేను నడిమధ్యన ఉంది. పంట నిలబడి ఉండగా పోతే పాడె మోసేవాళ్ళు, డప్పులవాళ్ళు, వెంట వచ్చే ఊరు అంతా ఊడలు దిగిన చేన్లోంచి నడవాలి. పంట తవ్వి చేను ఖాళీ అయ్యాక పోతే ఎవరూ దేన్నీ తొక్కరు. కాబట్టి తవ్వేదాక పోకూడదు. ఇదీ ఆయన లెక్క. కాటికి కాళ్ళు చాపుకున్న మనిషి ఎప్పుడు పోవాలో కూడా పంటను చూసి ఖాయం చేసుకున్నాడు.

పొద్దున్నే కురుమూర్తి, నేను ఆయన్ను బండి మీద మధ్యన కూర్చోబెట్టుకుని చేనుకు తీసుకుపోయేవాళ్ళం. షెడ్డు ముందు నులక మంచం వేసి, దుప్పటి కప్పేవాళ్ళం. ఆయన పక్కకు తిరిగి పడుకుని గట్టు వారగా ఉన్న చెట్లను చూసేవాడు. రోజంతా చూసేవాడు. ఒకనాడు నన్ను పిలిచి ఒక ఊడ చూపించాడు. "పొద్దుగాల ఇంత మీద ఉండె. ఇప్పుడు సూడు, మట్టిని ముద్దు పెట్టుకుంటున్నది" అన్నాడు. నాకు తేడా ఏమీ కనిపించలేదు. ఆయన ముఖం చూస్తే మాత్రం పండగలా ఉంది. అంత జబ్బులో అంత సంబరం ఎలా వస్తుందో అని నాకు ఆశ్చర్యం వేసేది. మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు మంచాన పడితే గోడల్ని చూస్తారు, లేకపోతే మనల్ని చూసి ఏడుస్తారు. ఈయన చచ్చిపోతూ కూడా కొత్తది ఏదో నేర్చుకుంటున్నట్టు ఉండేవాడు.

కానీ ఒళ్ళు ఒప్పందం మీద నిలబడలేదు. చలి ముదిరేకొద్దీ ఆయాసం ముదిరింది. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే ఓపిక చాలదు. గంజి కూడా గొంతు దిగడం మానేసింది. చూడడానికి చుట్టాలు వచ్చారు. అలంపూర్ నుంచి మామ చెల్లెలు తుంగభద్ర నీళ్ళు సీసాలో తెచ్చి, ఏడుస్తూ నోట్లో పోసింది. మామ మింగి, "మా బోరు నీళ్ళే నయం" అన్నాడు. చింత చచ్చినా పులుపు చావలేదు. అందరూ ఏడుపులోనే నవ్వారు. ఆమె తిరిగి పోయాక ఆయన దగ్గలేక నా చెయ్యి పట్టుకుని నలిపేశాడు. ఆ పట్టుకు నా గాజు పగిలింది. అంత నొప్పిని పంటి బిగువున పట్టుకుని ఆయన తవ్వే రోజు కోసం కాచుకుంటున్నాడని అప్పుడు నాకు తెలిసింది.

మా కూలీల గుంపుకు భాగ్యమ్మ పెద్ద. క్రైస్తవుల వాడలో ఉంటుంది, నాకంటే పెద్దది, మా చేను ఆమెకు మా అంతే తెలుసు. ఆమె వచ్చి మామ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. బయటికొచ్చాక కళ్ళు తుడుచుకుని అంది:

"వనజమ్మా, పెద్దాయన పానం దేని మీదనో పెట్టుకుండు. అది తీరేదాక పోడు. ఎవలనన్న సూడాలని ఉన్నదేమో అడుగు."

ఎవరి మీదా కాదని నాకు తెలుసు. అయినా ఆ మధ్యాహ్నం అడిగాను. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"వనజా, నా వల్ల అయితలేదు బిడ్డా. ముందుగాల పోతే నన్ను వైకుంఠధామం కాడికే తీస్కపొండి. చేన్ల అడుగు పెట్టొద్దు."

"మరి అత్త?"

"ఆమెకేంది. ఆమె చేన్లనే ఉన్నది, మంచిగున్నది."

అలా అని చేను వైపు వీపు పెట్టి షెడ్డు రేకుల వైపు తిరిగాడు. మంచాన పడ్డ ఇన్ని రోజుల్లో ఆయన చేను వైపు వీపు పెట్టడం అదే మొదలు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. బతుకంతా అత్తతో గొడవపడి, ఆమె పోయాక ఆమె చీరలు కంచె కట్టుకుని బతికిన మనిషి, చివరికి నాలుగు సాళ్ళ పల్లి కోసం ఆమెను వదిలేసి ఊరి చివర గేటు లోపల పడుకుంటానంటాడా? అది పిసినారితనం కాదని, చెట్టు మీద ఉన్న మర్యాద అని నాకు తెలుసు. తెలిసినా మండింది.

సాయంత్రం భాగ్యమ్మ ఇంటికి పోయాను.

"అక్కా, రేపు పొద్దుగాల మన ఆడోళ్ళను తీస్కరా. చేన్ల బాట తియ్యాలె."

"ఏం బాట?"

"గట్టు నుంచి కానుగ దాక."

భాగ్యమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "పానం ఉన్న మనిషికా? ప్రభువా! ఊరు నిన్ను బతకనిస్తదా వనజమ్మా?"

"ఆయన దగ్గు ఊరొచ్చి దగ్గుతదా? సెప్పు."

ఆమె చేట తీసి గోడకు ఆనించింది. తర్వాత మెల్లగా, "ఎంత ఎడల్పు?" అని అడిగింది. నేను రెండు చేతులూ చాపాను. పాడె, దానికి అటూ ఇటూ ఇద్దరిద్దరు మనుషులు పట్టేంత.

మరునాడు మా ఆయన మందుల కోసం వనపర్తి పోయాడు. ఆయన ఉంటే పని కాదని నాకు తెలుసు కాబట్టి కావాలనే పంపాను. మామ షెడ్డులో మంచం మీద మగతగా ఉన్నాడు. మేం గట్టు దగ్గర మొదలుపెట్టి చెట్లు పీకుతూ పోయాం. ముందు రోజే తడి పెట్టడం వల్ల నేల మెత్తగా వచ్చింది. కలుపు తీసేటప్పుడు పాటలు పాడే ఆడవాళ్ళు ఆ రోజు ముక్కులు ఎగబీల్చుకుంటూ పని చేశారు. పచ్చి చేను పీకడం అంటే పాలు తాగే బిడ్డను గుంజుకోవడమే. కానుగ దగ్గరికి చేరేసరికి ఎర్రటి బాట పచ్చటి చేనును రెండుగా చీల్చింది.

అప్పుడే బండి చప్పుడైంది. కురుమూర్తి బండి పడేసి పరుగెత్తుకొచ్చాడు. బాట చూశాడు, దాని వెడల్పు చూశాడు. చూసిన వెంటనే అది ఏం బాటో అర్థమైంది.

"ఏం చేసినవే నువ్వు! మా నాయన ఇంక ఊపిరి తీస్కుంటుండు. బతికున్నోనికి పాడె బాట తవ్వుతవా? నువ్వు మనిషివేనా?"

"మనిషినే. ఆయన పానం యాడ ఇరుక్కున్నదో నీకు కనపడ్తలేదు, నాకు కనపడ్డది."

"నాయన సూస్తే ఏమైతడు? కొంచెమన్న బుద్ధున్నదా?" అని నా మీదికి చెయ్యెత్తాడు. భాగ్యమ్మ మధ్యలో వచ్చి నిలబడింది. అంతలో షెడ్డులోంచి దగ్గు, ఆ వెంటనే మామ గొంతు వినిపించాయి.

"ఏందిర లొల్లి? నన్ను లేపున్రి."

ఇద్దరం పోయి లేపాం. గుమ్మంలోకి రాగానే ఆయన ఆగిపోయాడు. అప్పటిదాకా ఉన్న రోషమంతా దిగిపోయి, ఎంత పని చేశాను, ఈ ముసలాయన్ను చేజేతులా చంపానా అనిపించింది. ఆయన బాట ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. గట్టు మీద కుప్పగా పోసిన పచ్చి చెట్లను చూశాడు.

"ఎవలు తీసిన్రు?"

"నేనే మామా."

"ఎవల కోసం?"

ఎంత తెగించినా ఆ ఒక్క మాట చెప్పడం నా వల్ల కాలేదు. ఆయనే మళ్ళీ బాట వెడల్పును కళ్ళతో కొలిచాడు.

"గింత ఎడల్పెందుకు పెట్టినవ్ పిల్లా? నేనేమన్న లావుగున్ననా? ఉత్తగ అటు సాలు, ఇటు సాలు పాడు చేసినవ్" అని కసిరాడు. కసిరి, నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. కురుమూర్తి గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నడిపియ్యిన్రి" అన్నాడు మామ.

ఒక చెయ్యి కొడుకు భుజం మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి ఆయన ఆ బాట మీద నడిచాడు. ఆగి ఆగి నడిచాడు. కానుగ కింద అత్త సమాధి దగ్గర కూర్చుని, దాని మీద రాలిన ఆకులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. ఊడలు దిగినప్పటి నుంచి ఆయన అక్కడికి పోలేదు మరి. ఆకులన్నీ ఏరాక, పీకిన చెట్టు ఒకటి తెమ్మన్నాడు. భాగ్యమ్మ తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని మట్టి దులిపాడు.

ఎన్నేళ్ళుగానో పల్లి తవ్వుతున్నాను గానీ ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. అడుగున గింజ పట్టిన కాయలు ఉన్నాయి. వాటి పక్కన ఒత్తితే నీళ్ళు కారే లేత కాయలు, వాటి మీద మట్టి తాకీ తాకని ఊడలు, ఇంకా పైన గాలిలో దిగుతున్న ఊడలు. అన్నిటికంటే పైన, ఆ పొద్దున్నే విప్పిన పసుపు పువ్వు. ఒక్క చెట్టుకే పుట్టేదీ, పెరిగేదీ, పండేదీ, వాడేదీ అన్నీ ఒకేసారి. దేనికీ తొందర లేదు, దేనికీ దిగులు లేదు.

"తవ్వేనాడు గూడ గిట్లనే ఉంటది. అన్ని కాయలు ముదిరిన చెట్టును నేను పుట్టి సూడలే" అన్నాడు మామ, ఊపిరికీ ఊపిరికీ మధ్య. "లేతయి ముదరనీ అని ఆగితే, ముదిరినయి మట్టిలనే మొలకలొస్తయి. నేను గూడ అన్నీ ముదిరినంక పోదామని కూసున్న. పిచ్చోని లెక్క."

ఒక లేత కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. మింగగలిగాడు. మేం చూస్తుంటే, "తియ్యగున్నది" అన్నాడు.

ఇక ఆ సాయంత్రమో, మరునాడో ఆయన పోతాడని నేను అనుకున్నాను. ఊరూ అనుకుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను తిట్టినవాళ్ళు కూడా కబురు కోసం ఎదురుచూశారు. ఆయన పోలేదు. గంజి తాగాడు. పొద్దున్నే లేచి, బాట మీదికి నడిపించమన్నాడు. శవం పోవడానికి తీసిన బాట మీద రోజూ తన కాళ్ళతో తానే పోయి, పెళ్ళాం దగ్గర కూర్చుని వచ్చేవాడు. జబ్బు తగ్గలేదు, ఆయాసమూ తగ్గలేదు. తగ్గిందల్లా ఆ పంటి బిగువు. ఊపిరి వస్తే తీసుకునేవాడు, రాకపోతే వచ్చేదాకా ఆగేవాడు.

ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. బాట పక్కన ఉన్న చెట్లకు ఎండ బాగా తగిలి కొమ్మలు బాట మీదికి వాలాయి. వాటికి కొత్త ఊడలు వచ్చాయి. కానీ బాట నేల నడిచి నడిచి గట్టిపడింది. ఊడ మొన తాకి, లోపలికి దిగలేక వంకర పోతోంది. మామ బాట పక్కన గోనెసంచి మీద కూర్చుని, కొడవలి మొనతో ఆ ఊడల కింద మట్టి గుల్ల చేసేవాడు. చిటికెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి, ఊడ చుట్టూ ఎగదోసేవాడు. ఒక చెట్టు అయ్యాక జరిగి ఇంకో చెట్టు దగ్గర కూర్చునేవాడు. అలిసిపోతే అక్కడే ఒరిగి పడుకునేవాడు. తన పాడె పోయే బాటను తానే అటూ ఇటూ కొంచెం కొంచెం చేనులో కలిపేస్తున్న ఆ మనిషిని చూస్తుంటే నాకు దండం పెట్టాలనిపించేది. పెడితే తిడతాడని పెట్టలేదు.

కురుమూర్తి మాత్రం నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, ఏదైనా కావాలంటే గోడకు చెప్పేవాడు. నాయన సంతోషంగా ఉన్నాడని తెలుసు, అయినా బతికున్న తండ్రికి బాట తీసిన పెళ్ళాన్ని క్షమించలేకపోయాడు. ఆయన పద్ధతి గల మనిషి. అంటు, ముట్టు, వారం, వర్జ్యం అన్నీ చూస్తాడు. నేను ఎన్నిసార్లు కదిలించినా ముఖం తిప్పుకునేవాడు. నాకూ పౌరుషం ఉంది కదా, నేనూ కదిలించడం మానేశాను.

ఒక పొద్దున చేనులో మంచు ఇంకా విడవలేదు. మామ మంచం మీద కూర్చుని చాయ్ రెండు గుక్కలు తాగి గ్లాసు నాకిచ్చాడు. కొడుకును చూసి, "పైపులు మార్చినవా?" అన్నాడు. "మార్చిన నాయనా" అన్నాడు కురుమూర్తి. మామ తల ఊపి, షెడ్డు రేకులకు ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. మేం నిద్ర అనుకున్నాం. గ్లాసు కడిగి వచ్చి చూసేసరికి ఆయనలో ఊపిరి లేదు.

ఊరంతా వచ్చింది. తిట్టినవాళ్ళూ వచ్చారు. ఇంటికి తీసుకుపోయి స్నానం చేయించి, పాడె కట్టి, డప్పులతో చేను దాకా తెచ్చారు. గట్టు దగ్గర అందరూ ఆగిపోయారు. బాట సగమే మిగిలింది. అటు నుంచీ ఇటు నుంచీ పల్లి కొమ్మలు పాకి, ఊడలు మట్టిలోకి దిగి ఉన్నాయి. పాడెకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పట్టే సందు లేదు.

"ఏమైతది, జర తొక్కుకుంట పోదాం. పెద్దాయన పంటనే కద" అన్నాడు పక్క చేను మల్లేశ్.

కురుమూర్తి నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడి ఉన్నాడు. ఆ కుండ కింద పెట్టి వచ్చి, "తొక్కొద్దు. ముంగట నేను పట్టుకుంట, ఎనుక నువ్వు పట్టు. ఇద్దరం సాలు" అన్నాడు. కొడుకు కుండ వదలకూడదని ఎవరో పెద్దాయన గొణిగాడు. కురుమూర్తి వినలేదు. కుండ ఎత్తుకుని ఆ పెద్దాయన చేతిలోనే పెట్టి, తండ్రిని ఎత్తుకున్నాడు. డప్పులవాళ్ళు గట్టు మీదే నిలబడి కొట్టారు. మిగతావాళ్ళం చెప్పులు విడిచి, ఒకరి వెనక ఒకరం, కొంగులు దగ్గరికి పట్టుకుని నడిచాం. అంత మందిమి పోయినా ఒక్క కొమ్మ విరగలేదు. గుంటలో దించి, ఉప్పు పోసి, అందరం పిడికిళ్ళతో మట్టి వేశాం. నేను ఏడ్చాను. మామ కోసం ఇంత ఏడుస్తానని అనుకోలేదు.

మట్టి పెట్టాక వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. బోరు దగ్గర స్నానం చేసి ఇంటి దారి పట్టాలి. అందరూ అలాగే కదిలారు. గట్టు దాకా వచ్చాక కురుమూర్తి మా వెనక లేడని తెలిసింది. చూడకూడదంటే చూడకుండా ఉండే రకం కాదు నేను. తిరిగి చూశాను.

ఆయన బాట మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఊరు నడిచిన నడకకు నేల మళ్ళీ బండలా గట్టిపడింది. అంచున ఉన్న ఊడలు మట్టి అందక నేల మీద తేలి ఉన్నాయి. ఆయన వేళ్ళతో ఆ నేలను గీకుతున్నాడు. పల్లి కొమ్మ ఎత్తి పట్టుకుని, కింద మట్టి నలిపి గుల్ల చేసి, ఊడను దాని మీద పెడుతున్నాడు. కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"కురుమూర్తీ, ఏందిర అది! నాయనను మట్టిల పెట్టి ఇంక తానం గూడ చెయ్యలే. మైలల పంట ముడ్తవా?" అని గట్టు మీద నుంచి పెద్దలు అరిచారు.

ఆయన తల ఎత్తలేదు. "మైల దీరేదాక ఊడ ఆగుతదా?" అన్నాడు.

నేను చెంగు నడుముకు దోపుకుని బాటలోకి నడిచి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఒక చెట్టు పని పూర్తి చేసి మోకాళ్ళ మీదే ముందుకు జరిగాడు. అన్ని రోజుల తర్వాత గోడ వైపు కాకుండా నా ముఖంలోకి చూశాడు.

"ఆ దిక్కు నువ్వు పట్టు, ఈ దిక్కు నేను చేస్త" అన్నాడు.

నేను కూర్చున్నాను.